గోడౌన్‌లో పదహారు కిలోమీటర్లు

ఆ జీపీఎస్ మిషను నాది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఇప్పటిదాకా ఆ మాట ఎవరూ అనలేదు. పెదనాన్న అనలేదు, మామ్మ అనలేదు, నీరజక్క అసలే అనలేదు. అనుంటే బాగుండేది.

అరచేతిలో ఇమిడిపోయే పెట్టె అది. చుట్టూ పసుపుపచ్చ అంచు, పక్కన రబ్బరు బటన్లు, ఎండలో కూడా కనపడే తెర. భువనేశ్వర్‌లో ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో, కొండలెక్కే పిచ్చి ఉన్న ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఫోన్‌లో ఉండగా ఇదెందుకురా అని హాస్టల్లో అందరూ నవ్వారు. ఫోన్ వేరు, ఇది వేరు! దీని యాంటెన్నా పెద్దది, బ్యాటరీ రెండు రోజులు వస్తుంది, చేత్తో పట్టుకుని నడిస్తే ఎంత దూరం నడిచామో మీటర్లలో చూపిస్తుంది. సెలవులకి బరంపురం వచ్చినప్పుడల్లా దీన్ని పట్టుకుని తిరిగేవాణ్ణి. లంజిపల్లిలో మా గుమ్మం నుంచి బస్టాండుకి ఎంత, గోపాల్‌పూర్‌లో బస్సు దిగి సముద్రం దాకా ఎంత, ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి.

"ఈడికి పెళ్ళాం ఒద్దు, ఆ పెట్టె సాలు," అనేది మామ్మ అప్పలనర్సమ్మ.

ఈ ఏడు జనవరిలో, ఆఖరి ఏడు ప్రాజెక్టు పని చేసుకోడానికి నేను రెండు నెలలు ఇంటికొచ్చి ఉన్నప్పుడు మాత్రం, ఒకళ్ళు నన్ను నిజంగానే అడిగారు. నీరజక్క అడిగింది.

నీరజక్క మా పెదనాన్న వైకుంఠరావు కూతురు. ఇరవై ఏడేళ్ళు. పెదనాన్నది పసుపు, చింతపండు టోకు వ్యాపారం. బజారు వెనకాల ఉన్న గోడౌన్‌కి ఫుల్బాణీ కొండల నుంచి లారీల్లో బస్తాలు వస్తాయి. చిన్నప్పుడు మేమందరం ఆ బస్తాల మీద ఎక్కి దూకుతుంటే, అక్క మాత్రం ఖాళీ బస్తాలు దులిపి అడుగున ఏముందో వెతికేది. ఎండిన ఆకులు, ఎర్రమట్టి గడ్డలు, ఒకసారి విరిగిన నెమలీక, ఒకసారి ముళ్ళపంది ముల్లు. అన్నీ బిస్కెట్ డబ్బాలో దాచేది. "ఇయ్యన్నీ ఎక్కణ్ణుంచి ఒచ్చాయో అక్కడికి నానెల్తానురా," అనేది నాతో. పదేళ్ళప్పుడు అన్న మాటలు అందరూ మర్చిపోతారు. అక్క మర్చిపోలేదు. డిగ్రీ అయ్యాక రెండుసార్లు ఫారెస్ట్ గార్డు పరీక్ష రాసింది, రెండుసార్లూ మార్కులు చాలలేదు. మూడోసారి రాతపరీక్ష నెగ్గింది. ఇంక మిగిలింది నడక పరీక్ష ఒక్కటే. ఆడవాళ్ళకి నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు. మళ్ళీ ఉద్యోగాలు పడేసరికి అక్కకి వయసు దాటిపోతుంది. కాబట్టి ఇదే ఆఖరు.

రెండు కాళ్ళూ బాగున్నవాళ్ళకి అదేమంత కష్టం కాదు. గంటకి నాలుగు కిలోమీటర్లంటే కూరగాయలకెళ్ళొచ్చే నడక. కానీ రెండేళ్ళ క్రితం స్కూటర్ మీంచి పడి అక్క కుడి చీలమండలో లిగమెంట్ తెగింది. అతికింది, నడవచ్చు అన్నారు, పరిగెత్తొద్దన్నారు. కొంచెం జోరుగా నడిచిందా, గంటలో చీలమండ నిమ్మకాయంత వాచిపోయేది. అందుకే అక్కకి కావలసింది బలం కాదు, కొలత. గంటకి నాలుగు, ఆ పైన ఏ కాస్తో. అంతకంటే ఎక్కువైతే కాలు పోతుంది, తక్కువైతే ఉద్యోగం పోతుంది. పరీక్షలో ఫోన్లు, వాచీలు అన్నీ తీసేసుకుంటారు. కాబట్టి ఆ వేగం కాలికే అలవాటైపోవాలి.

"నీ మిషనుతోటి కొలిసిపెడతావేటిరా?" అంది.

నేను గంతేశానంటే నమ్మండి. ఇన్నేళ్ళకి నా పెట్టెకి ఒక పని దొరికింది!

మొదటి రెండు రోజులు తెల్లవారుజామున గోపాల్‌పూర్ రోడ్డుకి వెళ్ళాం. అక్కడే మిషన్ని పరీక్ష పెట్టాను. ఒక కిలోమీటరు రాయి దగ్గర సున్నా చేసి, తర్వాతి రాయి దాకా తిన్నగా నడిచాను. వెయ్యిన్ని మూడు మీటర్లు చూపించింది. కిలోమీటరుకి మూడు మీటర్లు తేడా! ఇంకేం కావాలి?

మూడోరోజు కొట్లో ఎవరో పెద్దమనిషి పెదనాన్నని అడిగాడట, "అమ్మాయి పేంటేసుకుని తెల్లారకుండా రోడ్డంట ఎల్తంది, ఇంట్లో అందరూ కులాసాయేనా?" అని.

పెదనాన్న ఇంటికొచ్చి అరవలేదు. అన్నం కలుపుకుంటూ, "నడాలంటే నడు, నానొద్దన్నానా? మన గోడౌనుంది గదా. గేటేసుకుంటే అడిగేవోడుండడు," అన్నాడు.

"గోడౌన్‌లోనా నాన్నా?"

"ఏం, అది నేల కాదేటి? తొమ్మిదింటిదాకా లారీ రాదు."

మా షావుకార్ల ఇళ్ళల్లో ఇంతే. ఆడపిల్లని ఏదీ వద్దనరు, కాంపౌండు లోపల చెయ్యమంటారు. అక్క సైకిలు ఆ గోడౌన్ ముంగిట్లోనే నేర్చుకుంది, స్కూటర్ కూడా అక్కడే నేర్చుకుంది. బయట రోడ్డు మీద మొదటి మలుపులోనే పడింది.

మూడు వైపులా రేకుల షెడ్లు, నాలుగో వైపు పక్కవాళ్ళ మూడంతస్తుల గోడ, మధ్యలో లారీ తిరిగేంత సిమెంటు వాకిలి. అందులో చుట్లు. తెల్లవారి ఐదింటికి అక్క మిషను చేత్తో పట్టుకుని నడక మొదలెట్టేది, నేను పసుపు బస్తా మీద కూర్చుని లెక్క రాసేవాణ్ణి. మొదటిరోజు గంట నడిచాక చూస్తే మూడు పాయింట్ ఎనిమిది ఆరు.

అక్క మొహం వాడిపోయింది. "ఇంతకన్నా జోరుగా అడుగెయ్యలేనురా. ఇప్పటికే లోపల సురుక్కుమంటంది."

అప్పుడే పెదనాన్న గేటు తీసుకుని వచ్చాడు, చేతిలో టేపు. పేర్చిన బస్తాల నెట్టు కొలిచే పొడుగు టేపు అది. "ముందు దీనెట్టి ఒక సుట్టు కొలుద్దాం. తరవాత ఎన్ని సుట్లో లెక్కెట్టుకుంటే సరిపోతాది," అన్నాడు.

"పెదనాన్నా, ఆకాశంలోంచి ఇన్ని ఉపగ్రహాలు చూస్తుంటే టేపేంటి?"

"ఆకాశంలో ఉన్నోడికి మన గోడౌను కనపడతాదేటిరా, రేకులు అడ్డుంటే?"

"రేకులు షెడ్డు మీదున్నాయి, వాకిలి మీద కాదు కదా."

"ఒరే హరీషూ, ఏటేటా తూకాలాఫీసోడొచ్చి నా కాటాకి ముద్రేసి ఎల్తాడు. ముద్ర నేని రాయితోటి నాను పావుకేజీ పసుపైనా తూయను. నీ పెట్టెకి ముద్రేదీ?"

నేను పగలబడి నవ్వాను. అక్క కూడా నవ్వింది. పెదనాన్న టేపు బస్తాల మీద పడేసి, "మీరు సదూకున్నోళ్ళు, మీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు. ఆ టేపు అక్కడే ఉంది, మేం నడిచిన నలభై రోజులూ.

ఆ రోజు మధ్యాహ్నం మిషను సెట్టింగులన్నీ తిరగేశాను. ఈ మిషను దూరాన్ని తిన్నగా కొలవదు. నడుస్తుంటే మధ్యమధ్యలో చుక్కలు పెట్టుకుంటూ పోతుంది, ఆ చుక్కల్ని గీతలతో కలిపి, ఆ గీతల పొడుగుని దూరం అంటుంది. ఎప్పుడు చుక్క పెట్టాలో దాని ఇష్టానికి వదిలేసి ఉంది. అందుకే చిన్న చుట్టులో మూలలు కోసేసి తక్కువ చూపిస్తోంది అనుకున్నాను. సెకనుకొక చుక్క పెట్టమని మార్చాను. చుక్కలెక్కువైతే కొలత కచ్చితం, ఇందులో అనుమానమేముంది?

మర్నాడు గంటకి నాలుగు పాయింట్ ఒకటి రెండు.

అక్క నా చేతిలోంచి మిషను లాక్కుని చూసింది. "నిన్నటి నడకేరా నడిసింది. ఏది నిజం, నిన్నటిదా, ఇయ్యాల్టిదా?"

"ఇవాళ్టిదే అక్కా. నిన్న మూలలు కోసేసింది."

"కచ్చితంగా సెప్పు."

"కచ్చితం."

"అయితే నా కాలు సరిపోతాదన్నమాట," అంది. గట్టిగా కూడా అనలేదు, మిషనుతో చెప్పుకున్నట్టు అంది. కుడి పాదం మీద మొత్తం బరువు వేసి ఒకసారి నిలబడి చూసుకుంది.

నేను చెప్పింది అబద్ధం కాదు, మూలలు కోసేసిన మాట నిజమే. కానీ ఇంకోటి ఉంది, అది నాకు కనపడింది కూడా. వారం తర్వాత లాప్‌టాప్‌లో అక్క నడిచిన దారిని మ్యాప్ మీద వేసి చూశాను. వాకిలి చుట్టూ ఒక గీత ఉండాల్సిన చోట పిల్లలు పెన్సిల్‌తో పిచ్చిగీతలు గీసినట్టుంది. గీతలు షెడ్ల మీంచి పోయాయి, గోడలు దాటాయి, ఒకటైతే పక్కవాళ్ళ మేడలోకి వెళ్ళొచ్చింది.

"అక్కా, రేకుల మీద కూడా నడిచావు చూడు!"

"పక్కోళ్ళ వంటింట్లోకి కూడా ఎల్లినానేటిరా! టీ ఇచ్చారా మరి?"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం. తర్వాత గీతల్ని నునుపు చేసే బటన్ ఒకటి నొక్కి, అందంగా తయారైన ఆ చుట్టు బొమ్మని మా కజిన్ల గ్రూపులో పెట్టాను. చెల్లెలు దుర్గాభవాని చప్పట్లు కొట్టింది.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించాల్సింది. సంకేతం రేకులకీ గోడకీ తగిలి వస్తుంది, చుక్క అక్క ఉన్నచోట పడదు, అటో ఇటో పడుతుంది. సెకనుకొకటి చొప్పున అటూ ఇటూ పడే చుక్కల్ని కలిపితే వంకర గీత వస్తుంది, వంకర గీత ఎప్పుడూ అసలు దారికంటే పొడుగే. చుట్టుకి ఒకసారి తొంభై ఆరు మీటర్లు, ఒకసారి నూట రెండు వస్తుంటే, సగటు తీస్తే తప్పు పోతుందనుకున్నాను. అన్నీ ఒకేవైపు తప్పుతుంటే సగటు కూడా అటే తప్పుతుంది. ఇదంతా నేను కాలేజీలో చదువుకున్నదే! పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

తప్పు సరిదిద్దుకోడానికి ఒక అవకాశం ఇంటికే నడిచొచ్చింది. దాన్నీ నేనే పంపేశాను.

పరీక్షకి పదిరోజులుందనగా సస్మిత వచ్చింది. అక్కతో కోచింగ్ చదివిన ఒడియా అమ్మాయి, భంజనగర్ దగ్గర పల్లెటూరు. అక్కతో తిరిగి తిరిగి తెలుగు బాగానే మాట్లాడుతుంది. గోడౌన్‌లో అక్క చుట్లు చూసి నోరెళ్ళబెట్టింది.

"నీరజా దిది, నువ్వు గానుగెద్దులాగ తిరుగుతన్నావు కదా! మా ఊళ్ళో రాయి నుంచి రాయికి పదిహేను మినిట్. అంతే. ఒక ఆదివారం రా, నాతోటి రోడ్డు మీద నడు."

అక్క పెదనాన్న వైపు చూసింది. పెదనాన్న టీ గ్లాసు దించి, నేను అస్సలు అనుకోని మాట అన్నాడు. "ఎల్లమ్మా. ఆ పిల్ల తోడుంటాది గదా."

నేనే అడ్డం పడ్డాను. "ఇప్పుడు కొత్త రోడ్డెందుకు పెదనాన్నా? ఎగుడుదిగుడులో కాలు మెలిపడితే? ఇదిగో గ్రాఫు చూడండి, నెలరోజులుగా నాలుగు గంటలకి పదహారు పాయింట్ నాలుగుకి తగ్గట్లేదు. చేతిలో నాలుగొందల మీటర్లు మిగుల్తున్నాయి."

అక్క గ్రాఫు చూసింది, తన చీలమండ చూసుకుంది. "ఒద్దులే సస్మితా. ఈడు ఇంతగా సెప్తన్నాడు గదా."

పరీక్ష రోజు పెదనాన్న కొట్టు మూసి వచ్చాడు. నాకు ఊహ తెలిశాక ఆ కొట్టు మూయడం అది రెండోసారి, మొదటిసారి తాతయ్య పోయినప్పుడు. భంజనగర్ దాటాక, చెట్లు పల్చగా ఉన్న తిన్నని రోడ్డు. ఎనిమిది కిలోమీటర్లు వెళ్ళి, తిరిగి ఎనిమిది రావాలి. కిలోమీటరుకొక బోర్డు, రోడ్డుకడ్డంగా సున్నపు గీత. ఏర్పాట్లన్నీ పద్ధతిగా ఉన్నాయి, గీత గీతకీ టైము చెప్పే మనిషున్నాడు, నీళ్ళున్నాయి, అంబులెన్సుంది. ఏదో ఒకటి తిట్టుకోడానికి నేను తర్వాత చాలా వెతికాను. ఏమీ దొరకలేదు.

ఆరింటికి విజిల్ వేశారు. నూట ఇరవై మంది దాకా అమ్మాయిలు. అక్క మధ్యలో ఉంది, జడ చుట్టకట్టి, తల దించుకుని, గోడౌన్‌లో నడిచిన అడుగే వేసుకుంటూ పోయింది. పెదనాన్న గీత దగ్గరే నీళ్ళ సీసా పట్టుకుని ఉండిపోయాడు. నేను పక్కనున్న మట్టిరోడ్డు చుట్టి బైకు మీద వాళ్ళు వెనక్కి తిరిగే మలుపు చోటికి చేరి, ఖాళీగా ఉండలేక, మిషను పట్టుకుని పరీక్ష రోడ్డు వారంట ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డు దాకా నడిచాను. వెయ్యిన్ని రెండు మీటర్లు. వాళ్ళ బోర్డు సరిగ్గా ఉంది, నా మిషను సరిగ్గా ఉంది. ఎంత పొంగిపోయానో! పక్కన టీ కొట్టాయనకి కూడా చూపించాను.

సస్మిత గంటా యాభై ఐదు నిమిషాలకి మలుపు తిరిగింది, నన్ను చూసి చెయ్యి ఊపింది. లెక్క ప్రకారం అక్క ఇంకో రెండు నిమిషాల్లో రావాలి. యాభై ఎనిమిది అయింది. రెండు గంటలయింది. రెండు గంటలా నాలుగు నిమిషాలకి వచ్చింది.

"హరీషూ," అంది ఆగకుండానే. "మొదటి గీత కాణ్ణుంచీ ఎనకబడే ఉన్నానురా. జనం అడ్డొచ్చారనుకున్నాను. నీ లెక్క నడకే నడుస్తన్నాను. ఏటయ్యింది?"

"ఏం కాలేదక్కా, కొంచెం జోరు పెంచు," అన్నాను. అక్కడున్న ఉద్యోగి మాట్లాడొద్దని చెయ్యి చూపించాడు.

అక్క వెళ్ళిపోయింది. నేను చేతిలో మిషన్ని చూసుకున్నాను. ఇక్కడ ఇది కరెక్టు. బోర్డులూ కరెక్టు. అక్క నడక ఎప్పటి నడకే. మరి తప్పెక్కడుంది? ఆకాశం తెరిచి ఉన్న తిన్నని రోడ్డు మీద నిలబడి ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు రావడానికి అర నిమిషం పట్టలేదు. రేకుల షెడ్లు, మూడంతస్తుల గోడ, సెకనుకొక చుక్క. నలభై రోజులూ అక్క గంటకి నాలుగు ఎప్పుడూ నడవలేదు. ఒక్క గంట కూడా. మూడు పాయింట్ ఎనిమిది ఐదేదో నడిచింది, మొదటిరోజు మిషను చెప్పినట్టే, ఆ రోజు కోసేసిన మూలలూ వంకరలూ చెల్లుకి చెల్లు అయిపోయాయి. అక్క మొహం వాడిపోయిన ఆ అంకె, అదే నిజం. ఆ రోజే తెలిసుంటే నలభై రోజులుండేవి, కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చేది. ఇప్పుడు మిగిలిన ఎనిమిది కిలోమీటర్లూ గంటా యాభై ఆరు నిమిషాల్లో పూర్తి చెయ్యాలి, అంటే ఆ కాలు ఎన్నడూ నడవని వేగంతో.

టీ కొట్టాయన అడిగాడు, "మిషను ఏటి సెప్తంది బాబూ?" నేను బైకు తీశాను.

ముగింపు గీత దగ్గర సస్మిత గడ్డిలో పడుకుని ఉంది, ఒళ్ళంతా చెమట, నవ్వు. పెదనాన్న నీళ్ళ సీసా ఇంకా మూత తియ్యలేదు. మూడు గంటలా యాభై నిమిషాలకి రోడ్డు చివర అక్క కనపడింది. చిన్న చుక్కలాగ. ముందు ఎడమ భుజం పైకి లేస్తోంది, తర్వాత కుడి భుజం కిందికి పడిపోతోంది. కుంటుతోంది. అయినా జోరుగానే వస్తోంది. పన్నెండో కిలోమీటరు దాకా బాగా లాగిందట, అక్కడ కాలు తిరగబడిందని అక్కని దాటొచ్చిన అమ్మాయి ఒకతె చెప్పింది. ఆఖరి అమ్మాయిలు ఒక్కొక్కళ్ళే గీత దాటుతున్నారు. పెదనాన్న, జీవితంలో రోడ్డు మీద గొంతు పెంచని మనిషి, "రామ్మా! రా! రామ్మా!" అని అరుస్తున్నాడు.

అక్క కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి విజిల్ వేశారు.

కల్వర్టు నుంచి గీతకి మూడొందల మీటర్లు. కొలవక్కర్లేదు, ఆఖరి మూడొందలకి అక్కడ వేరే బోర్డుంది. జెండా పట్టుకున్న కుర్ర ఉద్యోగి జెండా దించి, "ఆఉ టికే," అన్నాడు ఒడియాలో, తనలో తను. ఇంకొంచెం అని.

అక్క విజిల్ విని ఆగలేదు. ఆ మూడొందల మీటర్లూ నడిచింది. మనుషులు కుర్చీలు మడత పెడుతున్నారు, ఎవరో సున్నపు గీత మీంచి జీపు తోలుకుపోయారు. ఆ చెరిగిన గీత దాటి వచ్చి నిలబడింది. పెదనాన్న సీసా మూత తీసి, "తాగమ్మా," అన్నాడు.

తాగింది. మూతి తుడుచుకుంది. "కొట్టు మూసి ఒచ్చినావేటి నాన్నా?"

"అవునమ్మా."

"పద, ఎల్లిపోదాం. సాయంత్రమైనా తెరవొచ్చు."

మర్నాడు పొద్దున్న గోడౌన్‌కి వెళ్ళేసరికి పెదనాన్న వంగి ఉన్నాడు, టేపు ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస కాటా దగ్గర పనిచేసే సింహాచలం చేతిలో. అక్క చెప్పుల అరుగుడుకి సిమెంటు మీద నల్లగా ఒక దారి పడి ఉంది, సరిగ్గా దాని మీదే కొలుస్తున్నారు. చుట్టు తొంభై రెండు మీటర్లు వచ్చింది. నా నోటుబుక్కులో తొంభై ఎనిమిదిన్నర. పెదనాన్న ఆ అంకె పైకి చదివి, టేపు నెమ్మదిగా చుట్టుకుని, జేబులో పెట్టుకున్నాడు. ముద్ర మాట ఎత్తుతాడని ఎదురుచూశాను. ఎత్తలేదు. "టిఫిను తిన్నావేటిరా?" అన్నాడు.

నేను ఊరుకోలేకపోయాను. రెండు రోజులు కూర్చుని మూడు పేజీల అప్పీలు రాశాను. చుక్కలు, గీతలు, గ్రాఫులు, లోపం శాతం, అన్నీ పెట్టి రాశాను. ఇంకొక్కసారి అవకాశమిస్తే, సరైన కొలతతో సాధన చేస్తే, ఆమె నడవగలదని. అక్క మంచం మీద కాలు దిండుపైన పెట్టుకుని మొత్తం చదివింది.

"బాగా రాసినావు," అంది. "కానీ ఆళ్ళ రోడ్డు సరిగ్గానే ఉందిరా. ఆళ్ళ గడియారమూ సరిగ్గానే ఉంది. ఆళ్ళనేటని అడుగుతావు?"

"నా తప్పని చెప్తాను."

"సెప్పు. ఆళ్ళేటి సేస్తారు?"

అక్క కాగితాలు మడిచి నా చేతిలో పెట్టేసింది. నేను పంపలేదు.

మార్చి వచ్చేసింది. కొత్త పసుపు దిగే రోజులు. అక్క ఇప్పుడు రోజూ పొద్దున్నే గోడౌన్‌కి వస్తుంది, కాటా పక్కన స్టూలు మీద కూర్చుంటుంది, చీలమండకి క్రేపు బ్యాండేజీ. నేను భువనేశ్వర్ వెళ్ళిపోయే ముందు రోజు వెళ్ళొస్తానని చెప్పడానికి వెళ్ళాను. లారీ ఇంకా రాలేదు.

"పెట్టె తెచ్చినావా?" అంది.

బ్యాగులోంచి తీసిచ్చాను, భయం భయంగానే. అక్క దాన్ని ఆన్ చేసి, సున్నా చేసి, ఎదురుగా ఉన్న పసుపు బస్తా మీద పెట్టింది. పెట్టి వదిలేసింది. మామ్మ పంపిన ఇడ్లీలు తిన్నాం. హాస్టల్లో తిండి ఎలా ఉంటుందని అడిగింది, సస్మితకి ట్రైనింగ్ ఎప్పుడో చెప్పింది, సింహాచలం కూతురి దగ్గు సంగతి మాట్లాడింది. గంట అయింది. ఆ గంటలో మిషన్ని ఎవరం ముట్టుకోలేదు.

అప్పుడు తీసి చూసి, నా వైపు తిప్పింది. మూడొందల నలభై మీటర్లు.

"సూడు," అంది. "బస్తా నాకన్నా బాగా నడిసిందిరా. కాళ్ళు కూడా నేవు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క నవ్వుతోందేమోనని మొహంలోకి చూశాను, నవ్వట్లేదు. కల్వర్టు నుంచి గీత దాకా ఉన్నది మూడొందలు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

గేటు బయట లారీ హారన్ కొట్టింది. అక్క స్టూలు పట్టుకుని లేచి, కుంటుకుంటూ వెళ్ళి గేటు తీసింది. ఫుల్బాణీ నంబరు లారీ. సింహాచలం, కూలీలు బస్తాలు దించి, మూతులు విప్పి, పసుపు కొమ్ములు వాకిట్లో కుమ్మరించడం మొదలెట్టారు. బస్తాల్లోంచి ఎర్రమట్టి రాలింది, ఏవో ఎండుటాకులు రాలాయి. అక్క వంగి ఖాళీ బస్తాలు ఒక్కొక్కటే తీసుకుని, దులపకుండానే మడత పెట్టింది.